పద్నాలుగు బారలు

మ్యాపు చనిపోయిన తాత వలసంచిలో దొరికింది. నోటుబుక్కులోంచి చింపిన కాగితం. నాలుగు మడతలు పెట్టి, పైన గాలం దారం చుట్టి ఉంది. స్వరూప దారం విప్పి ముంజేతికి చుట్టుకుంది. కాగితాన్ని నేల మీద పరిచింది.

పెన్సిలుతో గీసిన చెరువు. అవతలి ఒడ్డున గుట్ట. గుట్ట మొదట్లో నల్లగా దిద్దిన చుక్క. కింద నాలుగు వరుసలు: “స్వరూపక్కకు నిధి. కొంగల గుట్ట గుహ. ఎడమ గోడ పట్టుకొని 14 బారలు పోవాలె. వచ్చే ఎండకాలం వెతుకు. మంగ.”

వచ్చే ఎండాకాలానికి మంగ లేదు. కార్తీకంలో మెదడువాపు జ్వరం వచ్చింది. మూడు రోజుల్లో పోయింది. అప్పటికి మంగకు తొమ్మిదేళ్ళు, స్వరూపకు పన్నెండు. ఇది జరిగి ఇరవై ఎనిమిదేళ్ళు.

“తాత ఇది నాకెందుకు ఇయ్యలే?” అని అడిగింది స్వరూప.

మేనమామ కొడుకు తిరుపతి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. “ఇస్తే ఏడుస్తవనుకున్నడేమో, వదినె.”

“ఏడిస్తే బాగుండు,” అంది.

ఏటా ఎండాకాలం బడి మూసిన మర్నాడు అక్కాచెల్లెళ్ళు నల్లగుండం చెరువు ఒడ్డున ఉన్న ఈ ఇంటికి వచ్చేవాళ్ళు. బడి తెరిచే ముందు రోజు వెళ్ళేవాళ్ళు. తాత చెరువులో చేపలు పట్టేవాడు. పిల్లలు వచ్చిన రోజే వాళ్ళను వాకిట్లో చేతులు చాచి నిలబెట్టేవాడు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒక బార. ఎవరి బార కొలతకు వాళ్ళకు దారం మీద ముళ్ళు వేసి ఇచ్చేవాడు. దారం చివర రాయి కట్టి, పడవలోంచి నీళ్ళలోకి వదిలి లోతు కొలవాలి. “ఎవని బార వానిదే. పక్కోని బారతోటి కొలిస్తే మునుగుతరు,” అనేవాడు.

చివరి ఎండాకాలం మంగ అడగకుండా అక్క వెండి పట్టీ ఒకటి పెట్టుకుని చెరువుకు వెళ్ళింది. ఉత్త కాలితో తిరిగొచ్చింది. స్వరూప అందరి ముందూ చెంప మీద కొట్టి, “నీతోటి కటీఫ్,” అంది. కటీఫ్ చెప్పినవాళ్ళే ముందు మాట్లాడాలి. అది ఆ ఇంట్లో కట్టుబాటు. స్వరూప మాట్లాడలేదు. పంతొమ్మిది రోజులు ఒకే చాప మీద పడుకున్నారు, మాట్లాడలేదు. తిరుగు బస్సులో పక్కపక్కన కూర్చున్నారు, మాట్లాడలేదు. ఇంటికి చేరాకా అదే తీరు. తర్వాత ఆస్పత్రిలో మాట్లాడదామంటే మంగకు తెలివి లేదు.

స్వరూప ఆ రోజు ఏడవలేదు. ఆ తర్వాతా ఏడవలేదు. లోపలికి వదిలిన రాయి ఇంకా దిగుతూనే ఉన్నట్టుంది. అడుగు తగల్లేదు.

చెరువు కట్ట ఎత్తు పెంచుతున్నారు. ఈ వానాకాలం నుంచి నీళ్ళు రెండు మీటర్లు పైకి వస్తాయి. ఇల్లు మునుగుతుంది, వాగు వెంట నీళ్ళు ఎగదన్ని గుహ నోరూ మునుగుతుంది. వెళితే ఇప్పుడే వెళ్ళాలి.

పొద్దున ఏడింటికి పడవ బయలుదేరింది. తెడ్డు ముత్తయ్య తాత చేతిలో ఉంది. ఆయనది అవతలి ఒడ్డు గూడెం. తాతతో కలిసి నలభై ఏళ్ళు వల వేసినవాడు.

“మంగను గుహకు నేనే తీస్కపోయిన. నన్ను బయటనే నిలవెట్టింది, నువ్వు చూడొద్దు తాతా అని,” అన్నాడు. “చుట్ట అంటుకునేలోపట తిరిగొచ్చింది.”

ఒడ్డు దిగాక గంట నడక. దారి పొడుగునా వెదురు పడి ఉంది. తిరుపతి గొడ్డలితో కొడుతూ ముందు నడిచాడు. వాగు ఎండిపోయింది, ఇసుకలో దిగి దాటారు. గుట్ట కింద ఒక చెదల పుట్ట సగం తవ్వి ఉంది. ముత్తయ్య వంగి మట్టి చేత్తో నలిపాడు.

“తడి ఆరలే. రాత్రి తవ్వింది, గుడ్డెలుగు.”

“ఇప్పుడు ఏడుంటది?” అన్నాడు తిరుపతి.

“నన్నడిగి పండుకుంటదా?”

గుహ నోరు నడుం ఎత్తున ఉంది. ముత్తయ్య లోపలికి మూడు రాళ్ళు విసిరి, చెవి పెట్టి విన్నాడు. చప్పుడు లేదు. “నేను ఈడ మంట పెడ్త. అరిస్తే ఇనపడేటంత దూరంలనే ఉండుండ్రి.”

తిరుపతి టార్చి నోట కరిచి ముందు పాకాడు. లోపల నిలబడేంత ఎత్తు ఉంది. నేల పైకి ఎక్కుతూ పోయింది. అతను ఎడమ గోడకు ఆనుకుని చేతులు చాచాడు. కుడి చేతి కొస ఆగిన చోట ఎడమ చేతి కొస పెట్టి, మళ్ళీ చాచాడు. లెక్క స్వరూప చెప్పింది.

“తొమ్మిది. పది. పదకొండు.”

పన్నెండు దగ్గర గోడ మలుపు తిరిగింది. వాసన వచ్చింది. తడిసిన గొంగడి, కుళ్ళిన ఇప్పపువ్వు కలిసిన వాసన.

“పదమూడు. పద్నాలుగు.”

తిరుపతి గోడ తడిమాడు. ఉత్త రాయి. కింద తడిమాడు, పైన తడిమాడు. “ఏం లేదు, వదినె.” టార్చి ఎదురుగా తిప్పాడు. నాలుగడుగుల దూరంలో నల్ల వెంట్రుకలు పైకి లేచాయి.

“ఎనుకకు! వదినె, ఎనుకకు!”

టార్చి కింద పడి ఆరిపోయింది. గుహ అంతా గుర్రుమంది. బయటినుంచి ముత్తయ్య కేక వినిపించింది. “ఉరకకుండ్రి! గోడకు అతుక్కోండ్రి! దానికి తొవ్వ ఇయ్యుండ్రి!”

స్వరూప వీపును రాతికి అదిమింది. వెంట్రుకలు ఆమె పొట్టను రాసుకుంటూ పోయాయి. తిరుపతి అరిచాడు. గోళ్ళు రాతి మీద గీసుకుపోయాయి. గుహ నోటి దగ్గర వెలుగు ఒక్క క్షణం మూసుకుపోయి మళ్ళీ తెరుచుకుంది. ఎలుగుబంటి మంట పక్కనుంచి దూకి అడవిలో పడింది. ముత్తయ్య అప్పటికే బండ ఎక్కి కూర్చున్నాడు.

ఇద్దరూ బయటికి పాకారు. తిరుపతి ముంజేయి చీరుకుపోయింది, మూడు గీతలు. స్వరూప తువ్వాల చుట్టింది. భయపడాల్సిన చోట భయపడలేదు. అది ఆమెకు కొత్త కాదు.

“ఇగ చాలు, పోదాం పట్టుండ్రి,” అన్నాడు ముత్తయ్య. “మల్ల ఈడికే వస్తది అది.”

కట్టు బిగించడానికి స్వరూప ముంజేతి దారం విప్పింది. వేలికి ముడి తగిలింది. ఇంకా లాగితే ఇంకో ముడి. వేళ్ళు ఆగాయి. లేచి ఒక ముడిని ఎడమ చేతి కొసన పట్టుకుని, దారాన్ని రొమ్ము మీదుగా కుడి చేతికి చాచింది. రెండో ముడి కుడి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

“తిరుపతీ, ఎవరి బారతోటి కొలిచినవు?”

“నా బారతోటి. ఇంకెవనితోటి కొలుస్త?”

మాట నోట్లో ఉండగానే అతని చూపు దారం మీద పడింది. “అయ్యో! తాత ఒట్టిగనే చెప్పిండా,” అన్నాడు.

“మ్యాపు మంగది. బార కూడ మంగదే.”

“బిడ్డా, అది గుడ్డెలుగు,” అన్నాడు ముత్తయ్య. “నీ చెల్లెకు తెలుసు, నీకు తెలుసు. దానికి తెల్వది.”

“చుట్ట అంటుకునేలోపట వస్త.”

ముసలాయన ఆమె మొహం చూశాడు. మంటలో ఎండు గడ్డి వేసి, గొడ్డలి తీసి బండ మీద మోగించసాగాడు.

ఆమె ముడికి ముడి గోడ మీద పరుస్తూ పోయింది. వెలుగుతున్న మొబైల్‌ను పళ్ళతో కరిచి పట్టుకుంది. పద్నాలుగో ముడి మలుపుకు ఇవతలే వచ్చింది. రొమ్ము ఎత్తున ఏమీ లేదు. స్వరూప మోకాళ్ళ మీద కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల భుజం ఎత్తున గోడలో చీలిక ఉంది. చెయ్యి మణికట్టు దాకా దూరి ఇరుక్కుంది. వేళ్ళ కొసలకు రేకు తగిలింది.

“బిడ్డా! పొదలు కదులుతున్నయి! బయటికి రా!”

లాగితే చర్మం గీరుకుంది. ఇంకోసారి లాగింది. పౌడరు డబ్బా బయటికి వచ్చింది.

“రా, వదినె! రా!”

డబ్బా పైటలో వేసుకుని పాకింది. ముగ్గురూ వాగు దాటేదాకా పరుగెత్తారు. వెనక ఒకసారి కొమ్మలు విరిగిన చప్పుడు అయింది, ఆగిపోయింది.

పడవ చెరువు మధ్యకు చేరాక డబ్బా తెరిచింది. లోపల ఒక పట్టీ. వెండి నల్లబడింది. కొక్కెం తెగిన చోట గాలం దారంతో కట్టి ఉంది. తాత నేర్పిన ముడే, రెండు చుట్లు ఎక్కువ వేసి ఉంది.

“రాళ్ళ రేవు కాడ దొరికింది,” అన్నాడు ముత్తయ్య, తెడ్డు ఆపకుండా. “నాలుగు దినాలు మునిగింది పిల్ల. పడవ నేనే పట్టుకున్న. దొరికినంక, పోయి అక్కకియ్యరాదే అన్న. అక్క కటీఫ్ చెప్పింది తాతా, అక్కనే ముందుగాల మాట్లాడాలె, అన్నది. అక్కకియ్యమని కాగితం మీ తాత చేతిల పెట్టింది. నిధి పెడ్తె వచ్చే ఎండకాలం మాట్లాడక ఏడికి పోతది, అన్నది.”

తిరుపతి తన చేతి కట్టు చూసుకుంటూ కూర్చున్నాడు.

స్వరూప పట్టీని డబ్బాలో పెట్టింది. పడవ అడుగున ఉన్న వల రాయి ఒకటి తీసి, దారం కొసకు కట్టింది.

“తెడ్డు ఆపు, తాతా.”

రాయి నీళ్ళలో పడింది. దారం వేళ్ళ మధ్యనుంచి జారింది. ఒక ముడి, రెండు, మూడు. ఆమె పెదవులు కదిలాయి. నాలుగు. ఐదు. ఆరో ముడి నీళ్ళు తాకగానే దారం వదులైంది. అడుగు తగిలింది.

“ఆరు బారలున్నయే, మంగా,” అంది స్వరూప.