బోర్డు వెనక బస్సు

స్కూలు వదిలాక భూతద్దం అనే పిల్ల షాపుకి వచ్చేసరికి, నాన్న వ్యాను ముందు నిలబడి అద్దానికి అంటించిన పసుపు కాగితాన్ని చూస్తున్నాడు. మామూలుగా చూడడం కాదు, కళ్ళతోనే కాల్చేసేలా చూస్తున్నాడు.

భూతద్దం అసలు పేరు అది కాదు. ఏ వస్తువు కనిపించినా ముక్కు ఆనించి మరీ చూస్తుంది కాబట్టి ఇంట్లో అందరూ అలా పిలుస్తారు. ఐదో తరగతి చదువుతోంది. చూసిందేదీ కడుపులో దాచుకోలేదు. ఆ పిల్ల నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏంటి నాన్నా అది?"

"పార్కింగ్ టికెట్. ఇన్నేళ్ళుగా ఇక్కడే ఆపుతున్నాను. బోర్డు మీద బాణం కూడా ఇటు లాండ్రీ వైపే ఉంటుంది. ఇప్పుడు తప్పైపోయిందట!"

నాన్న వాషింగ్ మెషీన్లు బాగుచేస్తాడు. పాడైనవాటిని ఇళ్ళ నుంచి వ్యానులో తెచ్చి, షాపు ముందు దించి, లోపలికి తోసుకెళ్తాడు. అవి ఎంత బరువంటే, దించేటప్పుడు నాన్న మెడ మీద నరాలు తాళ్ళలా ఉబ్బుతాయి. అందుకే షాపు ముందు వ్యాను ఆపుకోవడానికి పర్మిట్ తీసుకున్నాడు.

కాగితం అడుగున చీమల్లాంటి అక్షరాలున్నాయి. భూతద్దం వాటిని చదివింది. ఈ తప్పు రుజువైతే పర్మిట్ రద్దు చేస్తారట.

"పర్మిట్ పోతే ఏమవుతుంది నాన్నా?"

"ఏముంది, మెషీన్లని మెయిన్ రోడ్డు నుంచి వీపు మీద మోసుకు రావాలి. లేదంటే షాపు మూసుకోవాలి," అన్నాడు నాన్న. ఆ రెండో మాట అంటున్నప్పుడు ఆయన గొంతు కొంచెం తగ్గింది.

పక్క షాపులోంచి లాండ్రీ అత్త ఇస్త్రీ పెట్టె పట్టుకునే బయటికి వచ్చింది. ఆవిడ నిజంగా అత్త కాదు. కానీ భూతద్దానికి మాటలు రాకముందు నుంచీ పక్కనే ఉంది కాబట్టి అత్తే.

"నీకూ పడిందా తమ్ముడూ? నాకు నిన్ననే పడింది. ఆ కొత్త ఆఫీసర్ కావాలనే రాస్తున్నాడు. ఇదిగో, వాడి ఫోటో తీశాను. 'దొంగ టికెట్ల ఆఫీసర్' అని పెట్టి మన షాపుల గ్రూపులో అందరికీ పంపించేశాను."

"మంచి పని చేశావక్కా," అన్నాడు నాన్న. "నేను అప్పీలుకి వెళ్తాను. ఊరుకునేది లేదు."

భూతద్దానికి మాత్రం ఒక అనుమానం. కావాలని దొంగ టికెట్ రాస్తే ఆయనకి ఏం వస్తుంది?

మర్నాడు స్కూలు కాగానే ఆఫీసర్ కోసం కాపు కాసింది. ఆయన ఫుట్‌పాత్ మీద నడుచుకుంటూ వచ్చాడు. పెద్దవాడే కానీ బూట్లు కొత్తవి. కరుస్తున్నాయేమో, కుంటుతున్నాడు.

"అంకుల్, మా నాన్న వ్యానుకి టికెట్ ఎందుకు రాశారు?"

కసురుకుంటాడేమో అనుకుంది. ఆయన హమ్మయ్య అన్నట్టు మెట్టు మీద కూర్చుని, చేతిలో ట్యాబ్ తెరిచాడు.

"అడిగినందుకు సంతోషం తల్లీ. ఇక్కడంతా తిట్టేవాళ్ళే కానీ అడిగేవాళ్ళు లేరు. ఇదిగో, ఈ ఫోటోలో బోర్డు చూడు. 'బాణం వైపు సరుకు బండ్లు ఆపవచ్చు, రెండో వైపు ఆపరాదు' అని ఉందా? బాణం ఎటు చూపిస్తోంది?"

"మలుపు వైపు."

"మీ నాన్నగారి వ్యాను ఎటుంది?"

ఫోటోలో వ్యాను స్తంభానికి ఇవతల, లాండ్రీ వైపు ఉంది. భూతద్దం ఫోటోకి ముక్కు ఆనించింది. అంతా సరిగ్గానే ఉంది. బోర్డు, బాణం, బోర్డు వెనక రోడ్డు మీద వెళ్తున్న ఎర్ర బస్సు.

"కానీ బాణం లాండ్రీ వైపే ఉంటుందని నాన్న చెప్పాడే!"

"నేను చూసింది రాశాను తల్లీ. చూడనిది రాయను," అని ఆయన కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఇద్దరిలో ఎవరు అబద్ధం చెబుతున్నారు? భూతద్దం ఆలోచిస్తూ రోజూ చేసే పనే చేసింది. నాన్న షాపు కట్టేసేదాకా పొద్దుపోవాలిగా! స్తంభాన్ని ఒక చేత్తో పట్టుకుని, ఒళ్ళంతా బయటికి వాల్చి గిర్రున తిరిగింది. స్తంభం ఎప్పటిలాగే కిర్రుమంది. ఆ చప్పుడంటే తనకు భలే ఇష్టం.

ఎందుకో ఇవాళ తల పైకెత్తింది. తనతో పాటు బోర్డు కూడా కదిలింది!

భూతద్దం టక్కున ఆగిపోయింది. స్తంభం అడుగుకి వంగి చూసింది. బోల్టు వదులైపోయి ఉంది. మెల్లగా తోస్తే చాలు, స్తంభం తిరుగుతోంది. రోడ్డు వైపు చూడాల్సిన బోర్డు మొహం తిప్పుకుని షాపుల వైపు చూస్తోంది. రోడ్డు వైపు ఖాళీ రేకు మాత్రమే ఉంది. రోజూ చూసే బోర్డుని ఎవరు చూస్తారు? నాన్న అలవాటు కొద్దీ వ్యాను ఆపేస్తున్నాడు. లాండ్రీ అత్తా అంతే. ఫుట్‌పాత్ మీద నడిచే కొత్త ఆఫీసర్ ఒక్కడే దాన్ని చదివాడు. బోర్డు షాపుల వైపు తిరిగాక, బాణం లాండ్రీ వైపు నుంచి మలుపు వైపుకి మారిపోయింది.

తిప్పింది ఎవరో వేరే చెప్పాలా? భూతద్దం స్తంభం మీంచి చెయ్యి తీసేసింది.

అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. రెండు చేతులతో తోసి బోర్డుని మళ్ళీ రోడ్డు వైపు తిప్పేసింది. బాణం బుద్ధిగా లాండ్రీ వైపు చూపించింది. అమ్మయ్య, అంతా సర్దుకున్నట్టే కదా! ఇంకెవరికీ టికెట్ పడదు. తను కూడా చెప్పక్కర్లేదు.

కాసేపటికి నాన్న షట్టర్ దించి బయటికి వచ్చాడు. వ్యాను ఎక్కబోతూ బోర్డు చూశాడు.

"చూశావా! బాణం ఎటుంది? లాండ్రీ వైపే కదా? నేను చెప్పలేదూ?" రోడ్డు మీదికి వెళ్ళి బోర్డుని ఫోటో తీశాడు. "ఇప్పుడు చెప్తా ఆ ఆఫీసర్ సంగతి!"

నాన్న అంత సంతోషంగా ఉంటే భూతద్దం ఎలా చెబుతుంది? రేపు చెబుదాంలే అనుకుంది. మర్నాడూ అలాగే అనుకుంది.

అప్పీలు రోజున బడికి సెలవు. నాన్నతో పాటు తనూ వెళ్ళింది. పెద్ద ఆఫీసు అనుకుంది కానీ, అది చిన్న గది. ఒక బల్ల, నాలుగు కుర్చీలు, కిటికీలో వాడిపోయిన మొక్క. బల్ల వెనక కళ్ళజోడు పెట్టుకున్న మేడం. ఓ పక్క కొత్త బూట్ల ఆఫీసర్.

మేడం రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టింది.

"విచిత్రంగా ఉందే! ఒకే బోర్డు. ఈయన ఫోటోలో బాణం మలుపు వైపు ఉంది. మీ ఫోటోలో లాండ్రీ వైపు ఉంది."

"అది దొంగ ఫోటో మేడం," అన్నాడు నాన్న. "కంప్యూటర్లో ఏదో చేసి తిప్పేసి ఉంటాడు. మా వీధిలో అందరికీ ఇలాగే రాశాడు. కావాలంటే అడగండి."

మేడం ఆఫీసర్ వైపు తిరిగింది. "ఇది నిజమైతే మీ ఉద్యోగం ఉండదు. తెలుసు కదా?"

"మేడం, నాకు ఫోటో తీయడమే ఈ మధ్య నేర్పించారు. మార్చడం నాకెక్కడ వస్తుంది?" అన్నాడాయన. "నేను చూసిందే రాశాను. కానీ ఇప్పుడు ఈయన ఫోటో చూస్తుంటే... నా కళ్ళనే నేను నమ్మలేకపోతున్నాను."

ఆ ఆఖరి మాట భూతద్దం వినలేకపోయింది. నిజం చెప్పిన మనిషి, నేనే పొరబడ్డానేమో అనుకుంటున్నాడు. తెలిసిన తను మాత్రం తేలు కుట్టిన దొంగలా కూర్చుంది. నోరు విప్పితే నాన్న పర్మిట్ పోతుంది. విప్పకపోతే ఈయన ఉద్యోగం పోతుంది.

"మేడం," అంది లేచి నిలబడి. "ఆ అంకుల్ ఫోటోలో బోర్డు వెనక ఏముందో చూడండి."

మేడం కళ్ళజోడు సర్దుకుంది. "బస్సు."

"మా నాన్న ఫోటోలో?"

"షాపు. షట్టర్ ఉంది."

"రెండూ నిజం ఫోటోలే మేడం. బోర్డే తిరిగింది. నేనే తిప్పాను."

భూతద్దం బల్ల మీదున్న కాగితం, పెన్సిల్ అడిగి తీసుకుని, కాగితం మీద పెద్ద బాణం గీసింది. పెన్సిల్‌కి గుచ్చి పట్టుకుంది. ముందు మేడం వైపు చూపించింది. బాణం కిటికీ వైపు ఉంది. తర్వాత పెన్సిల్‌ని వేళ్ళతో తిప్పి, కాగితాన్ని నాన్న వైపు చూపించింది. ఇప్పుడు బాణం తలుపు వైపు ఉంది.

"రోజూ స్తంభం పట్టుకుని తిరుగుతాను మేడం. అది లూజైపోయింది. తెలిశాక మళ్ళీ సరిగ్గా తిప్పేసి... ఎవరికీ చెప్పలేదు. ఆ తర్వాత నాన్న ఫోటో తీశాడు. నాన్నకి ఏమీ తెలీదు. మా పర్మిట్ తీసెయ్యకండి. తప్పు నాది."

ఏడుపు ఆపుకోవాలనుకుంది కానీ ఆగలేదు.

మేడం పెన్సిల్ తీసుకుని తనే తిప్పి చూసింది. ఇటు ఒకసారి, అటు ఒకసారి. కుర్చీలోంచి లేచి వెనక నుంచి కూడా చూసింది. ఆటబొమ్మ దొరికిన పిల్లలా ఉంది ఆవిడ వాలకం.

"పదండి, ఆ స్తంభం చూద్దాం," అంది.

వీధిలో ఆవిడ ఒక్క వేలితో తోస్తే బోర్డు కిర్రుమంటూ తిరిగింది.

"చిన్నపిల్ల చేతికి తిరిగే బోర్డుని నమ్మి జనానికి టికెట్లు ఇవ్వకూడదు," అంది మేడం. "ఈ బోర్డు చూసి రాసినవన్నీ కొట్టేస్తున్నాను. మీ పర్మిట్‌కి ఏమీ కాదు." తర్వాత భూతద్దం వైపు వంగింది. "స్తంభం గట్టిగా బిగిస్తాం. అది సరిపోతుందా? నీకేమనిపిస్తోంది?"

భూతద్దం కళ్ళు తుడుచుకుని స్తంభం చుట్టూ నడిచింది. వ్యాను ఆపేవాళ్ళు రోడ్డు మీది నుంచి చూస్తారు. ఆఫీసర్ అంకుల్ ఫుట్‌పాత్ మీది నుంచి చూస్తాడు.

"నేల మీద గీత గీస్తే మేడం? ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఆపొచ్చో రోడ్డు మీదే గీస్తే, దాన్ని ఎవరూ తిప్పలేరు. ఎటు నుంచి చూసినా ఒకేలా ఉంటుంది."

"రాసుకోండి," అంది మేడం ఆఫీసర్‌తో. "ఈ వీధిలో ముందు గీతలు. ఆ తర్వాతే టికెట్లు."

నాన్న ముందు ఆఫీసర్ దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాడు. "మిమ్మల్ని దొంగ అన్నాను. క్షమించండి." ఆ తర్వాత భూతద్దంతో, "ముందే చెబితే తిడతాననుకున్నావా?" అని అడిగాడు.

"ఊఁ."

"తిట్టేవాణ్ణే," అన్నాడు నాన్న నిజాయితీగా. "అయినా చెప్పాల్సింది."

మేడం వెళ్ళిపోయింది. నాన్న షట్టర్ ఎత్తాడు. ఆఫీసర్ మలుపు దాకా నడుచుకుంటూ వెళ్తుంటే, ఎదురు షాపతను ఆయన్ని చూసి మొహం తిప్పుకున్నాడు. ఆయన తల దించుకుని వెళ్ళిపోయాడు.

భూతద్దం అది చూసింది. షాపులోకి వెళ్ళకుండా నేరుగా లాండ్రీకి నడిచింది.

"అత్తా, మీ టికెట్ కొట్టేశారు. కానీ ఆ టికెట్ పడింది నా వల్లే." జరిగిందంతా చెప్పింది. ఈసారి ఏడవలేదు.

లాండ్రీ అత్త ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, స్టూలు మీద చతికిలబడింది. "అయ్యో రామా! ఏ పాపం ఎరగని మనిషిని వీధి వీధంతా తిట్టించానే!" ఫోన్ తీసి గ్రూపు తెరిచింది. "పోనీలే, 'ఎవరో పిల్లలు బోర్డు తిప్పారంట' అని పెట్టేస్తా. నీ పేరెందుకు? ఎదురు షాపతను అసలే కోపిష్టి. అతనికీ పడింది టికెట్."

భూతద్దం ఒక్క క్షణం వీధి అవతలికి చూసింది. తర్వాత చెయ్యి చాపింది.

"ఫోన్ ఇటివ్వండత్తా. ఎవరో కాదుగా. నేనే రాస్తాను."