తామరపువ్వు అందుకున్న చెయ్యి

గుడి మెట్ల దగ్గర చెప్పులు విప్పుతున్న ఫోటోగ్రాఫర్ మెడలో కత్తి దిగింది. పొడిచినవాడు జనంలో కలిసిపోయాడు.

నిజానికి అతను ఫోటోగ్రాఫర్ కాదు, సీక్రెట్ ఏజెంట్. "లోపల బాంబు... భిక్షువుల్లో ఒకడు దొంగ..." అంటూ తోటి ఏజెంట్ ఒడిలోనే ప్రాణం వదిలాడు.

ఆ తోటి ఏజెంట్ డ్యూటీకి కూడా ఇస్త్రీ నలగని సూటులో వస్తాడని అందరూ పెళ్లికొడుకు అంటారు. నెత్తురంటిన కోటు విసిరేసి లోపలికి పరుగెత్తాడు.

ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "జనాన్ని కదిలిస్తే వాడు బటన్ నొక్కేస్తాడు. ముందు వాణ్ని పట్టుకో."

సముద్రం అంచునున్న ఆ బౌద్ధాలయంలో బంగారు రేకు తాపని స్తంభం లేదు. అంతెత్తు బుద్ధుడి పాదాల దగ్గర రెండు దేశాల మంత్రులు శాంతి ఒప్పందానికి కూర్చున్నారు. వాళ్ల మధ్య దుబాసీగా పెళ్లికొడుకు సొంత అక్క. తల్లి పోయాక అతన్ని పెంచింది ఆవిడే.

"సీతాకోకా, కుడి వరస భిక్షువుల్ని నువ్వు చూడు" అన్నాడు పెళ్లికొడుకు.

"నాకొదిలెయ్" అని నవ్వింది సహ ఏజెంట్ సీతాకోక. తెల్లపట్టు దుస్తులు, చేతిలో తామరపూల బుట్ట. ఆ నవ్వుకి డిపార్ట్‌మెంట్‌లో సగంమంది పడిపోయారు, ఇతనితో సహా.

ఆమె భిక్షువులకు పూలు సమర్పిస్తోంది. వాళ్లు ఆడవాళ్ల చేతి నుంచి ఏదీ నేరుగా తీసుకోరు. గుడ్డ పరుస్తారు, దాని మీద పెట్టాలి. అందరూ అలాగే పరిచారు. చివరివాడు మాత్రం చెయ్యి చాచి అందుకున్నాడు. పువ్వు మధ్యలో దాచిన రిమోట్ ఎర్రలైటు మినుక్కుమంది. సీతాకోక గబగబా గుమ్మం వైపు తిరిగింది.

ఇదే అమ్ముడుపోయిందా! పెళ్లికొడుక్కి ఒళ్లు మండిపోయింది.

ఒక్క దూకు దూకి ఆ దొంగ భిక్షువు మణికట్టు విరిచాడు. వాడు రిమోట్‌ను రెండో చేతిలోకి మార్చాడు. వెనక్కి పరుగెత్తుకొచ్చిన సీతాకోక కొప్పులోంచి సన్నకత్తి తీసి పెళ్లికొడుకు భుజంలో దింపింది.

"ఏమీ అనుకోకు. నా అసలు డ్యూటీ ఇదే."

అతను మోచేత్తో ఆమె దవడ పగలగొట్టాడు. ఆమె కుప్పకూలింది. ఈలోగా వాడి బొటనవేలు బటన్ మీదికి వచ్చేసింది. వేరే దారి లేక ఆ వేలిని ఎముక దాకా కొరికాడు. వాడు కెవ్వుమన్నాడు, రిమోట్ జారింది. ఇద్దరూ దొర్లుతూ వెళ్లి ఒప్పందం బల్లను గుద్దుకున్నారు. వాడి తలను రాతి గచ్చుకేసి బాదాడు, కదలడం మానేదాకా.

"ఒరేయ్, బతికే ఉన్నావా!" అక్క అతన్ని కావలించుకుని భోరుమంది.

ఒక మంత్రి కాగితం పైకెత్తి తన భాషలో ఏదో అడిగాడు. అక్క కళ్లు తుడుచుకుంది.

"దీని మీద నెత్తురు పడింది కదా, ఒప్పందం చెల్లుతుందా అంటున్నార్రా."

"నెత్తురు పడకుండా కుదిరిన శాంతి ఎక్కడైనా చూశారేమో కనుక్కో అక్కా."

అక్క మంత్రి వైపు తిరిగి, "చెల్లుతుందట" అని మాత్రం అనువదించింది.