ఎద్దుల్లేని కపిల

ఉడుమలైపేట దాటి తూర్పుగా పోతే, రేగడి చేల మధ్య ఒక కపిల బావి ఉండేదట. పగలు దానికి ఏ లోపమూ లేదు. గట్టు మీద తొండలు ఎండ కాచుకునేవి. పొద్దు గూకాకే దాని సంగతి.

కపిల అంటే తెలిసిందే. రెండెద్దులు మోకు లాక్కుంటూ వాలు బాటలో దిగితే, చక్రం తిరిగి, తోలుసంచి నిండా నీళ్ళు పైకొస్తాయి. ఈ బావికి ఎద్దుల్లేవు. తోలేవాడూ లేడు. ఉన్నవాడు కాస్తా ఎద్దులతో సహా అందులోనే పడి పోయాడు, కుంఫిణీ వాళ్ళు ఈ సీమకు వచ్చిన కొత్తలో. మోకూ సంచీ కూడా అతనితోనే పోయాయి. చక్రం ఒక్కటి మిగిలింది.

ఆ చక్రం రాత్రుళ్ళు తిరిగేది.

కిర్ర్... కిర్ర్... తర్వాత దబ్బున నీళ్ళు పడ్డ చప్పుడు. తెల్లారి చూస్తే గట్టు తడిగా ఉండేది — అడుగుజాడ ఒక్కటీ ఉండేది కాదు. ఎండాకాలంలో మరీ ఎక్కువ. దెయ్యానికి కూడా ఉక్కపోస్తుంది కాబోలు.

చీకటి పడితే ఊళ్ళో ఎవరూ అటు పోరు. చుట్టుదారిన పోతారు. ఇంటికి చేరేసరికి అన్నం చల్లారిపోయి ఉంటుంది, మనిషి మాత్రం వెచ్చగా ఉంటాడు.

అలాంటి బావి పక్కనే ఇల్లు కొన్నాడు తిరుమలమ్మాళ్ మొగుడు, వెంకటపతి.

ఆయన కోయముత్తూరు కచేరీలో రాయసం. దొర చెప్పింది రాయడం, రాసినదానికి నకలు తీయడం, ఆ నకలుకు మళ్ళీ నకలు తీయడం. ఇరవై ఏళ్ళు తీశాడు. నలభై రెండో ఏట, ఇంకా కళ్ళూ నడుమూ బాగానే ఉండగా, ఒక మధ్యాహ్నం ఇంటికొచ్చి తలపాగా విప్పి, "ఇక చాలు," అన్నాడు. తోటివాళ్ళు చచ్చేదాకా ఆ చాప మీదే కూర్చుంటారట. తాను అంత వెర్రివాడు కాదట. పల్లెకు పోయి మనిషిలా బతుకుతాడట.

"పల్లెలో ఏం చేస్తారు?" అంది తిరుమలమ్మాళ్.

"ప్రశాంతంగా ఉంటా."

ఉన్నాడు. పొద్దున తిన్నె మీద ప్రశాంతంగా. మధ్యాహ్నం చాప మీద ప్రశాంతంగా. ఊరి బావి నుంచి నీళ్ళు మోసింది, చేను దున్నే మనుషుల్ని వెతికింది, ఇంటి కప్పులోని పాముల్ని తోలింది ఆమె. ఆమెదాకా ప్రశాంతత ఇంకా రాలేదు. దారిలో ఉందేమో.

తాతలు కత్తి పట్టుకుని ఈ నేలకొచ్చారనీ, అడవి కొట్టి పత్తి పండించారనీ ఆయన సాయంత్రాలు చెబుతుండేవాడు. చెప్పినంతసేపూ విసనకర్ర ఆమె చేతిలో ఉండేది.

బావి సంగతి తెలియక కొన్నాడా అంటే — తెలిసే. "అందుకే కదా ఈ ఇల్లు మనదాకా వచ్చింది. దెయ్యం గియ్యం కచేరీవాళ్ళ దగ్గర చెల్లవు," అన్నాడు. మొదటి రాత్రి చక్రం కిర్రుమంది. రెండో రాత్రికి ఆయన పడక లోపలి గదిలోకి మారింది. దెయ్యం వల్ల కాదు. బయట గాలి ఎక్కువట.

ఎండలు ముదిరే చిత్తిరై నెల వచ్చేసరికి గాలి భరించలేనంత ఎక్కువైనట్టుంది. దెయ్యాల్ని కట్టే కోడంగి అప్పసామికి కబురు పెట్టాడు. శుక్రవారం ఉడుక్కై డమరుకం వాయించి, దెయ్యాన్ని కట్టేసి, బావి నోరు బండతో మూయించాలని ఏర్పాటు.

అదే నెలలో కూతురు సుందరవల్లి పురిటికి వచ్చింది. దానికి కిందటేడు ఒక కాన్పు అయింది. మంత్రసాని వచ్చేసరికి ఆలస్యమై, బిడ్డ దక్కలేదు. అప్పట్నుంచి ఆ పిల్ల గట్టిగా నవ్వింది లేదు. ఈసారి తిరుమలమ్మాళ్ ముందుగానే మూకాయికి చెప్పిపెట్టింది. మూకాయి చేతిలో పడ్డ బిడ్డ పోలేదని పేరు. ఆమె ఉండేది ఊరికి ఎడంగా, తోలు కుట్టేవాళ్ళ వాడలో — చేరి అంటారు. ఆ చేరి బావికి అవతల. బావిదారిన పోతే ఇట్టే వస్తుంది. చుట్టుదారిన పోతే... పోతూనే ఉండాలి.

బుధవారం రాత్రి నొప్పులు మొదలయ్యాయి. అనుకున్నదానికి పదిరోజులు ముందు.

"పోయి మూకాయిని పిలుచుకురండి," అంది తిరుమలమ్మాళ్.

వెంకటపతి దీపం వైపు చూశాడు. "పోతా. తెల్లారగానే పోతా."

"బిడ్డకు చెప్పిరండి, తెల్లారేదాకా ఆగమని."

"అది కాదే. ఇంట్లో మగదిక్కు ఒకరుండాలి కదా."

"ఉండండి. గడప బయట కూర్చోండి. అది అరిస్తే ఊ అనండి. అదన్నా చేతనవుతుంది."

లోపల్నుంచి సుందరవల్లి, పళ్ళ బిగువున — "అమ్మా... అప్పటిలాగే ఉంది."

తిరుమలమ్మాళ్ ఎండు కొబ్బరాకుల కట్ట వెలిగించుకుని బయటికొచ్చింది. చుట్టుదారి ఎడమకు. బావిదారి ఎదురుగా.

ఎదురుగా నడిచింది.

సగం దారిలో కొబ్బరాకు చెయ్యి కాలేదాకా వెలిగి ఆరిపోయింది. వెన్నెల లేదు. రెండువైపులా పత్తి పగిలి, చీకట్లో తెల్లగా — ఎవరో పళ్ళన్నీ బయటపెట్టి ఊరికే చూస్తున్నట్టు. తన అడుగుల చప్పుడు తనకే వినిపిస్తోంది. ఆ చప్పుడు తనదేనా అని ఒకసారి ఆగి చూసుకుంది.

కిర్ర్...

ఆమె నిలబడిపోయింది.

కిర్ర్... కిర్ర్...

చక్రం తిరుగుతోంది. దాని వెనక ఇంకో చప్పుడు — రొప్పు. దెయ్యాలు అలసిపోతాయని ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇది అలసిపోతోంది.

వాలు బాటలో ఏదో దిగుతోంది. పొడుగ్గా, నేలకు వంగి, ఒక్కటే ఒళ్ళు. తల లేదు. కాళ్ళు మాత్రం... ఎన్నో.

దేవుణ్ణి తలుచుకుందామంటే ఏ దేవుడి పేరూ నోటికి రాలేదు. వెనక్కి పోతే కూతురు. ముందుకు పోతే ఇది.

"నాకు దారి కావాలి," అంది. "నా కూతురు నొప్పులు పడుతోంది. మూకాయిని తీసుకుపోవాలి. దాన్ని ఇంటికి చేర్చి నేనే మళ్ళీ వస్తాను. అప్పుడు నీ ఇష్టం."

చక్రం ఆగింది.

ఆ పొడుగాటి ఒళ్ళు నిటారుగా లేచింది... లేచి, తొమ్మిది ముక్కలైంది. అందులో ఒక ముక్క గుసగుసగా అడిగింది —

"అమ్మణీ, నొప్పులొచ్చి ఎంతసేపయింది?"

మూకాయి గొంతు.

తొమ్మిది మంది ఆడవాళ్ళు. నెత్తిన కొంగు కప్పుకుని, ఎద్దులు లాగాల్సిన మోకును భుజాలకెత్తుకుని వంగి నిలబడ్డారు. గట్టు మీద కుండలు వరసగా. ఒక ముసలమ్మ చేతిలో వేపమండ, పోయేటప్పుడు జాడలు తుడవడానికి.

ఏటా ఈ రోజులకు చేరి గుంట ఎండిపోతుంది. ఊరి బావి ఛాయలకు వాళ్ళు రాకూడదు. ఈ బావికీ రాకూడదు. దెయ్యం పట్టినా అది ఊరివాళ్ళ బావే.

"మోకూ సంచీ రాత్రికి తెచ్చి రాత్రికే తీసుకుపోతాం," అంది మూకాయి. "సంచి కుట్టింది మా ఇంటాయనే. అది బావిలోకి దిగొచ్చు, అమ్మణీ. మేం గట్టెక్కకూడదు."

మిగతావాళ్ళు తిరుమలమ్మాళ్ నోటివైపే చూస్తున్నారు. ఆ నోరు ఊళ్ళో ఒక్కసారి తెరుచుకుంటే మర్నాటికి చేరిలో గుడిసె మిగలదు. అది వాళ్ళకు తెలుసు. ఆమెకూ తెలుసు.

"శుక్రవారం బండ వేస్తారంట కదా," అని ఎవరో నెమ్మదిగా అన్నారు.

తిరుమలమ్మాళ్ బావి చక్రం వైపు ఒకసారి చూసింది. "నడు, మూకాయక్కా," అంది. ఆ అక్క ఎక్కడ్నుంచి వచ్చిందో ఆమెకే తెలియదు. ఇంట్లో నీళ్ళు అడుగంటిన సంగతి గుర్తొచ్చి, వంగి, ఒక నిండుకుండ చంకకెత్తుకుంది.

ముసలమ్మ వేపమండ అడ్డం పెట్టింది. "అది మేం ముట్టిన కుండ, సామీ."

"బిడ్డను పట్టేది ఎవరు మరి?" అంది తిరుమలమ్మాళ్.

బిడ్డ అడ్డం తిరిగి ఉంది. చుట్టుదారిన వచ్చి ఉంటే ఇది కూడా కిందటేటి కథే అయ్యేది. కోడికూత వేళకు ఆడపిల్ల మూకాయి చేతుల్లో పడి ఏడ్చింది. సుందరవల్లి కూడా ఏడ్చింది. ఆ నీళ్ళే కాచి బిడ్డకు పోశారు. మిగిలినవి వెంకటపతి చెంబెత్తి గటగటా తాగాడు. రాత్రంతా ఊ అని అలసిపోయాడు పాపం.

"ఊరి నీళ్ళకంటే తియ్యగా ఉన్నాయే. ఎక్కడివి?"

"తాగండి," అంది ఆమె.

"అంత తొందరగా ఎట్లా వచ్చావు?"

"బావిదారిన."

ఆయన చేతిలో చెంబు ఆగింది. పొద్దెక్కేసరికి ఊరంతా పాకింది — వెంకటపతి ఇంటావిడ దెయ్యాన్ని ఎదురుగా చూసి వచ్చిందని.

శుక్రవారం సాయంత్రం జనం పోగయ్యారు. బండ బండి మీద వచ్చింది. కోడంగి అప్పసామి ఉడుక్కై గలగలలాడించి, అందరి ముందూ ఆమెను పిలిచాడు.

"భయపడొద్దు, తాయీ. చూసింది చూసినట్టు చెప్పు. ఆడదా, మగదా?"

తిరుమలమ్మాళ్ జనాన్ని దాటి చూసింది. దూరాన, చేరివాళ్ళకు నిలబడే వీలున్నంత దూరాన, మూకాయీ తక్కిన ఆడవాళ్ళూ నేల చూస్తున్నారు.

"తల లేదు," అంది.

ఉడుక్కై ఆగింది. "మొత్తానికేనా?"

"మొత్తానికే."

కోడంగి ఉడుక్కైని సంచిలో పెట్టి మూతి బిగించాడు. "ఇది నా వల్ల కాదు. కట్టాలంటే మంత్రం దాని చెవిన పడాలి. తల లేనిదానికి చెవెక్కడిది? నేను తెల్లార్లూ వాయించినా మీకే వినిపిస్తుంది."

ఊరు ఆలోచించింది. నిజమేననిపించింది.

"పోనీ, బండ వేస్తే?" అన్నాడు వెంకటపతి.

"వేయొచ్చు. లోపల చోటు లేకపోతే అది ఇంకో చోటు చూసుకుంటుంది," అన్నాడు కోడంగి. చుట్టూ ఒకసారి పరికించాడు. కనుచూపు మేరలో ఒక్కటే ఇల్లు ఉంది.

బండి బండతో సహా వచ్చిన దారిన పోయింది.

ఆ రాత్రి, అందరూ పడుకున్నాక — కిర్ర్... కిర్ర్...

బిడ్డ నిద్రలో కదల్లేదు. సుందరవల్లి తలెత్తి, తల్లి ముఖం చూసి మళ్ళీ పడుకుంది. తిరుమలమ్మాళ్ దీపం తగ్గించడానికి లోపలి గదిలోకి వెళ్ళింది. వెంకటపతి దుప్పటి పూర్తిగా పైకి లాక్కుని ముడుచుకుని ఉన్నాడు. కింద రెండు పాదాలు బయటికున్నాయి, వణుకుతున్నాయి. ఆమె దీపం ఎత్తి చూసింది.

ఆయనకీ తల లేదు.