కదలకుండా కూర్చున్న పాప

మా పాపకి నాలుగేళ్లు. బడి కంప్యూటర్‌లోకి వచ్చిన ఆ ఏడాది మా ఇంట్లో రోజూ గొడవే. ఇంత పిల్లకి తెర ముందు చదువేమిటి, ఆడుకోనీ, అనేవారు మా ఆయన. అనడం తేలికే. ఆయన పొద్దున్నే డ్యూటీకి వెళ్లిపోతారు. ఇంట్లో కూర్చుని ఇన్సూరెన్స్ కంపెనీ ఫోన్లకి జవాబు చెప్పేది నేను. వెనక పిల్ల అరుపు వినబడితే నాకు చీవాట్లు. నలభై నిమిషాలు ఎవరైనా దాన్ని కూర్చోబెడితే చాలు, అది చదువైనా కాకపోయినా నాకొకటే.

అది రెండు నిమిషాలు కుదురుగా ఉంటేగా! కెమెరాలో పిల్ల కనబడకపోతే సీటు తీసేస్తామన్నారు బడివాళ్లు. ఒకరోజు ఒళ్లు మండి, దాన్ని తువ్వాలుతో కుర్చీకి కట్టేశాను. ముడి బల్ల కిందకి, కనబడకుండా. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి, తెర వైపు చూస్తూ పది నిమిషాలు ఉండిపోయింది. ఆ పది నిమిషాలూ వీడియో తీశాను. మర్నాటి నుంచి క్లాసులో కెమెరాకి బదులు ఆ వీడియోనే మళ్లీ మళ్లీ తిరిగేది. పాపని పడగ్గదిలో పెట్టి గడియ వేసేదాన్ని. కాసేపు తలుపు బాది మానేసేది. నాకు హాయిగా ఉండేది, అబద్ధమెందుకు.

నెల తిరక్కుండా టీచర్ తల్లిదండ్రులతో మీటింగ్ పెట్టింది. పిల్లలూ కనబడాలంది. యథాప్రకారం వీడియో పెట్టి, వెనకనుంచి నేను మాట్లాడాను. ఆన్‌లైన్ చదువు మీద అభిప్రాయం చెప్పమంటే, ఒకాయన కళ్లు పాడవుతున్నాయన్నాడు. ఒకావిడ తన కొడుకు మాటలే మర్చిపోతున్నాడంది. నా వంతు వచ్చింది. మా పాప బంగారంలా కూర్చుంటోంది, ఇంతకంటే ఏం కావాలి, అన్నాను.

వీడియోలో పాప తల తిప్పింది.

నేను తీసినప్పుడు... తిప్పలేదు.

"అమ్మా," అంది మెల్లగా. "నొప్పెడుతోంది. విప్పవూ?"

అందరూ విన్నారు. నాకు ముందు పుట్టింది పరువు పోతుందన్న భయమే. గబుక్కున మీటింగ్‌లోంచి బయటికొచ్చాను. వీడియో ఆగలేదు. పాప పెనుగులాడుతోంది... నా వైపే చూస్తోంది... నోరు తెరిచింది...

వీడియో చెరిపేశాను.

పడగ్గది గడియ తీశాను. పాప మంచం మీద కూర్చుని ఉంది. గోడ వైపు చూస్తోంది. పిలిస్తే పలకలేదు. కుదిపితే కుదిపినంతే కదిలింది. ఊపిరి ఉంది, ఒళ్లు వెచ్చగానే ఉంది. లోపల మాత్రం ఎవరూ లేరు. ఒళ్లోకి తీసుకుని గట్టిగా ఏడ్చాను. అది ఏడవలేదు.

సాయంత్రం ఆయన వచ్చి, పెట్టిన ముద్ద పెట్టినట్టు మింగుతున్న కూతుర్ని చూసి మురిసిపోయారు. ఆ చదువేదో పనికొచ్చినట్టే ఉందే, అన్నారు. నేను ఇంకో ముద్ద కలిపి పెట్టాను.

మర్నాడు కంప్యూటర్ ముట్టుకోలేదు. పాప నా ఒళ్లోనే ఉంది. తొమ్మిదింటికి ఫోన్‌కి టీచర్ మెసేజ్ వచ్చింది.

"మేడమ్, ఇవాళ మీ పాప అందరికంటే ముందే వచ్చేసింది. గది బాగా చీకటిగా ఉంది, లైటు వెయ్యండి. వెనక నిలబడి పాప జుట్టు దువ్వుతున్నావిడని కాస్త పక్కకి జరగమనండి."