లాకు దిగువన పిలుపు

చీకటి పడ్డాక ఆ లాకుల మీంచి పొమ్మంటే, మండపేట మిల్లులకి ధాన్యం తోలే ట్రాక్టరువాడు కూడా చుట్టుతిరిగి పోతాడు. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి. విన్నది విన్నట్టు చెబుతున్నాను.

ఏముందక్కడ? ధవళేశ్వరం నుంచొచ్చే కాలవ మీద పాత పడవల లాకు, అంటే తలుపులు మూసి నీళ్ళు నింపి పడవల్ని ఎగువ మట్టానికి ఎక్కించే కట్టడం. పడవలు తిరగడం మానేసి చాలా ఏళ్ళయింది. గట్టు మీద లస్కరు క్వార్టరు, అంటే లాకు తీసి మూసే మనిషి ఉండే ఇల్లు, కప్పు కూలి నాలుగు గోడలు మిగిలాయి. అంతే. కానీ ఊరు సద్దుమణిగాక... కాలవ దిగువ నుంచి ఓ గొంతు పిలిచేది.

"లాకు తియ్యండి బాబూ..."

పడవుండేది కాదు. మనిషి కనబడేవాడు కాదు. పదేళ్ళపాటు ఇదే వరస. చేపలు పట్టే బుల్లియ్య ఓ రాత్రి "ఎవరదీ?" అని పలికినందుకు మూడు వారాలు జ్వరంతో మూలిగాడు.

తొంభై ఎనిమిది వేసవిలో లావణ్యకి ఆ గొంతంటే భయం మరీ ఎక్కువైంది. వాళ్ళ తాతయ్య చిట్టియ్య ఆ లాకు దగ్గరే ముప్పయ్యేళ్ళ పైన లస్కరుగా చేసి రిటైరైన మనిషి. ఆ ఏడు గుండెజబ్బు చేసింది. మంచం దిగనివ్వద్దు, గట్టిగా నాలుగడుగులు వేసినా ప్రాణం మీదికొస్తుందన్నాడు డాక్టరు. అన్నాళ్ళూ వీధరుగు మీద ఒక్కడే పడుకునే మనిషిని లోపల గదిలోకి మార్చారు. తండ్రి వెంకటరత్నానికి మిల్లులో నైట్ డ్యూటీ. తల్లికి రేచీకటి. ఇక కాపలా ఎవరు? పందొమ్మిదేళ్ళ లావణ్యే.

తాతయ్యంటే ఆ పిల్లకి ప్రాణం. నాన్నమ్మ సుబ్బాయమ్మని ఎరగదు. కాన్పు కష్టమై రాజమండ్రి ఆస్పత్రికి తీసుకెళ్తుంటే, దారిలోనే నాన్నని కని, పడవలోనే పోయిందట. ఇంట్లో ఇంతవరకే చెప్పుకుంటారు. మళ్ళీ పెళ్ళి చేసుకోమని ఎందరు పోరినా తాతయ్య వినలేదు. పసిగుడ్డుకి ఆవుపాలు పట్టి పెంచాడు. "దేవుడులాంటి మనిషండీ" అని ఎవరైనా అంటే తల దించుకునేవాడు. వినయం అనుకునేది లావణ్య. పిచ్చిపిల్ల!

ఆ రాత్రి దానికి కాస్త కునుకు పట్టింది. మెలకువొచ్చేసరికి తాతయ్య మంచం ఖాళీ. వీధి తలుపు బార్లా తీసుంది...

దూరంగా, లాకుల వైపు నుంచి —

"లాకు తియ్యండి బాబూ..."

పాత లస్కరు కదా, అది ఈయన్నే పిలుస్తోంది, ఈయన వెళ్ళిపోతున్నాడు అనుకుంది లావణ్య. తల్లిని లేపి లాభం లేదు. టార్చి పట్టుకుని, చెప్పులైనా వేసుకోకుండా పరిగెత్తింది.

కాలవ కట్టేసిన రోజులవి. వేసవి మరమ్మతులకని నీళ్ళాపేస్తే అడుగంతా నెర్రెలిచ్చి ఉంది. గొంతు ఆ ఎండిన కాలవలోంచే వస్తోంది. అడుగడుక్కీ దగ్గరవుతోంది... టార్చి వేసింది.

కాలవ నడిమధ్య మనిషి. పాడుబడ్డ క్వార్టరు వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని —

"లాకు తియ్యండి బాబూ... నొప్పులు పడుతున్న మనిషుందండి..."

తాతయ్యే.

ఊరిని పదేళ్ళు వణికించిన దెయ్యం తాతయ్యా? లావణ్య ఎలాగో గట్టు దిగి, వెళ్ళి పట్టుకుంది. చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. ఇంటికి పోదాం రా తాతయ్యా అని బతిమాలింది. ఆయన అక్కడే కూలబడి, ఆయాసపడుతూ చెప్పాడు... జన్మలో ఎవరికీ చెప్పని మాట.

ఆ రోజుల్లో రాత్రిపూట లాకు తియ్యకూడదని రూలు. పడవవాళ్ళు ఊరుకుంటారా? తెల్లారేదాకా ఎవడు కాచుకుంటాడని, లోపల పురిటి మనిషుందండీ అని అబద్ధాలాడి తీయించుకునేవారు. అలా రెండుసార్లు తీసి సూపర్‌వైజరు చేత చివాట్లు తిన్నాడు చిట్టియ్య. ఇంకోసారి తీస్తే ఉద్యోగం పోతుందన్నారు. అప్పుడే ఈ లాకుకి మార్చారు. మార్చి నాలుగు రోజులే, పుట్టింట్లో ఉన్న పెళ్ళానికి ఆ కబురు కూడా అందలేదు. ఆ నాలుగోరాత్రి జోరువానలో పడవవాడొచ్చి అదే మాట చెప్పి పిలిచాడు. తలుపు కొట్టాడు. ఏడ్చాడు. పొద్దున్నే రండి అని లోపల్నుంచే కసిరి, ముసుగు తన్ని పడుకున్నాడు చిట్టియ్య.

తెల్లారి లాకు తీశాడు. పడవ పైకి లేచింది. పడవ మీది గుడిసెలో చంటిపిల్లాడి ఏడుపు... పక్కన సుబ్బాయమ్మ. అప్పటికే చల్లబడిపోయింది.

ఇన్నేళ్ళూ తన నాన్న ముఖం చూస్తూ ఈ మనిషి ఎలా బతికాడా అనిపించింది లావణ్యకి. కోపమూ వచ్చింది, జాలీ వేసింది, ఏది ఎక్కువో దానికే తెలీలేదు.

"మరి ఇక్కడికొచ్చి ఎవర్ని పిలుస్తున్నావు తాతయ్యా?"

ఆయన క్వార్టరు వైపు చెయ్యి చూపించాడు.

"వాణ్ణి లేపుతున్నానమ్మా... వాడు లేవట్లేదు."

అంటూనే గుండె పట్టుకుని పక్కకి ఒరిగిపోయాడు. లావణ్య భుజాలు పట్టి లేపబోయింది, బరువు ఆగలేదు. కాళ్ళు పట్టి ఈడ్చబోయింది, గట్టు నిటారుగా ఉంది. వదిలి వెళ్దామంటే ఆయన దాని వేలు విడిచిపెట్టలేదు. ఇక గొంతెత్తి అరిచింది. ఎవరైనా రండి, తాతయ్యకి బాగాలేదు, రండి అని పేరుపేరునా పిలిచింది.

లాకుల పక్కన పదిహేను గడపలున్నాయి. ఒకింట్లో లైటు వెలిగింది. ఎవరో కిటికీ తలుపు వేసుకున్నారు. లైటు ఆరిపోయింది.

తెల్లారుజామున మిల్లు నుంచి సైకిలు మీద వస్తూ, కూతురి గొంతు గుర్తుపట్టి కాలవలోకి దిగింది వెంకటరత్నమే. అప్పటికి తాతయ్య ఒళ్ళు చల్లబడిపోయింది. అతను దిగి చేరేలోపు లావణ్యకి ఆ మిగిలిన గొంతూ పోయి, పెదాలు మాత్రమే కదులుతున్నాయి.

ఆ లాకుల దగ్గర ఇప్పుడు రెండు దెయ్యాలున్నాయని చెప్పుకుంటారు మా వైపు. రెండోది ఆడదట. ఒక్కరాత్రే వినబడిందట. పదిహేను గడపలవాళ్ళూ తమ చెవులతో విన్నామంటారు.