రెప్ప పడే గది

చిక్కడపల్లి మెయిన్ రోడ్డు మీంచి కూరగాయల మార్కెట్ వైపు తిరిగితే, రెండో సందులో ఒక పాత మేడ ఉంది. కింద జిరాక్స్ షాపు, పైన ఫోటో స్టూడియో. ఆ స్టూడియోకి ఉన్న చెడ్డపేరు అంతా ఇంతా కాదు.

అక్కడ ఫోటో దిగితే... కళ్ళు మూసుకుపోతాయట!

అందరికీ కాదు, పదిమందిలో ఒకరికి. కానీ ఆ ఒక్కరికి ఎన్నిసార్లు తీసినా అంతే. అశోక్‌నగర్‌లో ఉద్యోగ పరీక్షలకి చదివేవాళ్ళు పాస్‌పోర్టు ఫోటోకి ఆ మెట్లెక్కడమే మానేశారు. కళ్ళు మూసుకున్న ఫోటోతో దరఖాస్తు పెడితే ఉద్యోగం ఎక్కడొస్తుంది? అంత చదువుకున్నవాళ్ళు దెయ్యాలకి భయపడరనుకుంటాం గానీ, ఆరేళ్ళు ఒకే పరీక్షకి చదివిన మనిషి దేనికైనా భయపడతాడు.

దీనికో కారణం కూడా చెప్పుకునేవారు. ఆ స్టూడియో మొదట సూర్యనారాయణమూర్తి గారిది. కాకినాడ వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. అప్పట్లో ఎవరైనా పోయి, దండ వెయ్యడానికి ఫోటో లేకపోతే, పోయాక తీసిన ఫోటోనే ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఆయన సన్న కుంచె పట్టుకుని ఆ మూసిన కళ్ళు తెరిపించేవారు. అలా తెరిపించిన కళ్ళన్నీ ఆ గదిలోనే ఉండిపోయాయనీ... బతికున్నవాళ్ళ రెప్పలు మూసేది అవేననీ... కింద జిరాక్స్ షాపు కరుణాకర్ వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. నాకూ చెప్పాడు. ఈ కథలో సగం అతని నోటి నుంచి విన్నదే. మిగతా సగం భాగ్యశ్రీ చెప్పింది.

మూర్తి గారు పని మానేశాక ఇద్దరొచ్చి, ఇద్దరూ ఖాళీ చేసి పోయారు. మూడో మనిషి భాగ్యశ్రీ. మహబూబ్‌నగర్ జిల్లా నుంచి కూలికొచ్చిన బీరయ్య, నర్సింహమ్మల కూతురు. నారాయణగూడలో అపార్ట్‌మెంట్లు లేస్తుంటే వాటికి ఇటుకలు మోసిన తల్లి నర్సింహమ్మ. చీర మీద మగవాళ్ళ ఫుల్ చేతుల అంగీ, నెత్తిన చుట్టిన తువ్వాలు — ఇదీ ఆవిడ వేషం.

భాగ్యశ్రీ పనంతా ట్యాబ్ మీదే. కెమెరా స్టాండు మీద ఉంటుంది, ట్యాబ్ చేతిలో ఉంటుంది. ట్యాబ్ మీద బటన్ నొక్కితే కెమెరా ఫోటో తీస్తుంది, రెండు సెకన్లలో అది ట్యాబ్ లోకి వచ్చేస్తుంది. చిన్నపిల్లలొస్తే ఆమె ఒక ఆట ఆడించేది. ఫోటోలో కంటిని రెండు వేళ్ళతో పెద్దది చేసి, "చూడు, నీ కంట్ల ఎవరున్నరు?" అనేది. కంటిపాపలో తెల్లగా లైటు, దాని పక్కన కెమెరా, కెమెరా వెనక బుల్లి భాగ్యశ్రీ! ఎదురుగా నిలబడ్డ మనిషి అక్కడ కనబడి తీరుతుంది మరి.

పోయిన నవంబరులో ఒక గురువారం. రాత్రి ఎనిమిదిన్నర.

తెల్లారితే నర్సింహమ్మ సంవత్సరీకం. గోడకి పెట్టడానికి ఫోటో లేదు. ఊరందరికీ ఫోటోలు తీసే పిల్ల దగ్గర కన్నతల్లి ఫోటో లేదు! ఆధార్ కార్డులో ఉందనుకోండి, అది చూస్తే నర్సింహమ్మే తనని గుర్తుపట్టేది కాదు. ఇంకొకటి, ఎవరి పెళ్ళిలోనో ఫోన్‌తో తీసింది. అందులో ముఖం చక్కగా వచ్చింది గానీ... కళ్ళు మూసి ఉన్నాయి.

ఫోటో ఎందుకు లేదో భాగ్యశ్రీ ఏడాదిగా ఎవరికీ చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం హైదర్‌గూడ నుంచి పెళ్ళివారొచ్చి, ట్యాబ్ ముందేసుకుని ఆల్బమ్‌కి ఫోటోలు ఏరుకుంటున్నారు. నర్సింహమ్మ పని మీంచి నేరుగా వచ్చి గుమ్మంలో నిలబడింది. అంగీ నిండా సిమెంటు.

"నాది ఒక్క ఫోటో తియ్యి బిడ్డా. నువ్వు తీసింది నాకు ఒక్కటి గూడ లేదు."

పెళ్ళివారు తలెత్తి చూశారు. భాగ్యశ్రీకి సిగ్గేసింది. అవును, సిగ్గే.

"కింద కూసో అమ్మ... పిలుస్త" అంది.

పెళ్ళివారు లేచేసరికి రెండు గంటలు పట్టింది. ఆ సందట్లో పిలవడం మరిచిపోయింది. గుర్తొచ్చి కిందికి పరుగెత్తితే నర్సింహమ్మ లేదు. కింది మెట్టు మీద ఆవిడ కూర్చున్నంత మేరా బూడిదరంగు సిమెంటు దుమ్ము ఉంది, అంతే. ఇరవై రోజులకి జ్వరమొచ్చి పోయింది.

ఇప్పుడు కుంచెలు లేవు. మూసిన కళ్ళు తెరిపించాలంటే ఇంకో ఫోటోలోంచి కళ్ళు తెచ్చి అతికిస్తారు. అమ్మకి ఎవరి కళ్ళు తేవాలి? నీకు అచ్చం మీ అమ్మ కళ్ళే అని బస్తీ అంతా అనేవారు. అందుకే భాగ్యశ్రీ తనే స్టూలు మీద కూర్చుంది. ట్యాబ్ ఒళ్ళో పెట్టుకుని బటన్ నొక్కింది.

ఫ్లాష్ మెరిసింది. ఫోటో వచ్చింది.

కళ్ళు మూసుకుని ఉన్నాయి.

మళ్ళీ నొక్కింది... మూసుకునే ఉన్నాయి. కళ్ళు పెద్దవి చేసుకుని, రెప్ప వెయ్యనని ఒట్టు పెట్టుకుని నొక్కింది... అయినా మూసుకునే! పది. పదిహేను. ఇరవై మూడు. ట్యాబ్ నిండా వరసగా తన ముఖాలే — అన్నీ పోయినవాళ్ళ ముఖాల్లా.

దూరంగా మెయిన్ రోడ్డు మీద బస్సుల హారన్లు మోగుతూనే ఉన్నాయి. గదిలో మాత్రం... ఎవరో ఉన్నట్టుంది. ఆమెకి కరుణాకర్ కథ గుర్తొచ్చింది.

అంతలో మెట్ల మీద అడుగులు...

ఒకటి... ఆగి, ఇంకొకటి...

తలుపు కిర్రుమంది.

"ఏంటమ్మా, ఇన్ని మెరుపులు మెరిపిస్తున్నావు?"

మూర్తి గారు! వెనక వాటాలోనే ఉంటారాయన. భాగ్యశ్రీకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ట్యాబ్ ఆయన చేతిలో పెట్టింది. ఆయన ఒక్కో ఫోటో జరుపుతూ చూసి నవ్వారు.

"దెయ్యమూ లేదు, భూతమూ లేదు. నీ ఫ్లాష్ రెండుసార్లు వెలుగుతుందమ్మా. మొదటిది వెలుతురు కొలుచుకోడానికి, రెండోది ఫోటోకి. రెండూ ఒకటే అనిపిస్తాయి గానీ, కొందరికి రెప్ప మహా చురుకు. మొదటిదానికే మూసేస్తారు. నీకంటే ముందున్నవాళ్ళకీ చెప్పబోయాను, వింటేనా! ఖాళీ చేసి పారిపోయారు."

ఇన్ని పెళ్ళిళ్ళు తీసిన భాగ్యశ్రీకి ఆ సంగతి తట్టనేలేదు. ఎప్పుడూ కెమెరా వెనకే ఉండే మనిషికి తన రెప్ప సంగతి ఏం తెలుస్తుంది?

"పెండ్లి ఫోటోల అమ్మ కండ్లు మూసుకున్నయి. అమ్మది గూడ గంతేనా సార్?"

"అంతే అయ్యుంటుంది. ఆవిడ రెప్పే నీకొచ్చింది. ఆ ఫ్లాష్ పక్కన పెట్టి మామూలు లైటు వేసుకో."

భాగ్యశ్రీకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూర్తి గారు గుమ్మం దాటబోతూ ఆగారు.

"అన్నట్టు, కింద మెట్టు మీద ఒకావిడ కూర్చుంది. నీకోసమేనా?"

"పక్క హాస్టల్ల వంటామె అయ్యుంటది సార్. ఈ టైమ్‌ల గాలికి కూసుంటది."

ఆయన వెళ్ళిపోయారు. భాగ్యశ్రీ ఫ్లాష్ తీసేసి, లైటు వేసి, స్టూలు మీద కూర్చుని నొక్కింది.

కళ్ళు తెరుచుకుని ఉన్నాయి! ఎంత చక్కగా ఉన్నాయో!

ట్యాబ్ మీద పెన్నుతో ఆ రెండు కళ్ళూ కత్తిరించి, అమ్మ ముఖానికి తెచ్చి, అంచులు కలిపింది. నర్సింహమ్మ కళ్ళు తెరిచి కూతుర్ని చూసింది.

తర్వాత అలవాటు కొద్దీ, రెండు వేళ్ళతో కంటిని పెద్దది చేసింది.

కంటిపాపలో తెల్లగా లైటు. దాని పక్కన స్టాండు మీద కెమెరా.

కెమెరా వెనక... ఎవరూ ఉండకూడదు.

ఉన్నారు.

సన్నటి మనిషి. చీర మీద ఫుల్ చేతుల అంగీ. నెత్తిన తువ్వాలు. పనికి అడ్డం రాకూడదన్నట్టు, గోడ పక్కకి ఒదిగి నిలబడి ఉంది.

భాగ్యశ్రీ తన ఫోటో తెరిచి చూసింది. అందులోనూ ఉంది. ఇంకో కంట్లోనూ ఉంది...

తలెత్తి కెమెరా వైపు చూసే ధైర్యం చాలలేదు. గదంతా తడి సిమెంటు వాసన. భయం వేసింది — అయినా మెట్ల వైపు పరుగెత్తలేదు.

"అమ్మా... పిలుస్త అంటిని... పిలువలే."

లేచింది. చున్నీతో స్టూలు శుభ్రంగా తుడిచింది. పక్కకి జరిగి, తల వంచుకునే మెల్లగా అంది.

"రా అమ్మ. కూసో."

ట్యాబ్ మీద బటన్ నొక్కింది. కెమెరా టక్‌మంది.

ఒకటి... రెండు... ఫోటో వచ్చింది.

స్టూలు. ఖాళీ స్టూలు.

భాగ్యశ్రీ కళ్ళు తుడుచుకుని, రెండు వేళ్ళతో ఆ ఫోటోని పెద్దది చేసింది. పాత మేడ కదా, పైనుంచి సున్నం పెచ్చు రాలి ఉంటుందంటాడు కరుణాకర్. రాలిందేమో! కానీ అంతకుముందే తుడిచిన స్టూలు నల్ల రెగ్జిన్ సీటు మీద బూడిదరంగు సిమెంటు దుమ్ము ఉంది... ఒక మనిషి కూర్చున్నంత మేరా, సరిగ్గా ఆ రోజు మెట్టు మీద చూసినంత.