సున్నా తర్వాత ఆరు నిమిషాలు

2091 నాటికి కోనసీమ లంకల్లో పెరట్లో విమానం ఉండటం గేదె ఉన్నంత మామూలు సంగతి అయిపోయింది. సముద్రం లోపలికి వచ్చి వంతెనల్ని ఒక్కొక్కటిగా మింగేశాక జనానికి వేరే దారి లేకపోయింది. కిట్టు తెప్పించుకుని మొగుడూ పెళ్ళాలు కూర్చుని ఏడాదో రెండేళ్ళో రెక్కలు అతికించుకునేవారు. పొద్దున్నే తలెత్తి చూస్తే కూరగాయల బుట్టలూ, బడిపిల్లలూ, పెళ్ళికి పోయే చుట్టాలూ అందరూ ఆకాశంలోనే కనిపించేవారు. వీటిని పెరటి విమానాలు అనేవారు. రెక్కల గురించీ మోటారు గురించీ ఎవరికీ బెంగ లేదు. బెంగంతా బ్యాటరీ గురించే.

ఛార్జి అయిపోవడం పెద్ద సమస్య కాదు. ఎప్పుడు అయిపోతుందో బ్యాటరీ చెప్పే మాటను ఎవరూ నమ్మకపోవడమే సమస్య. కంపెనీలు జనం క్షేమం కోరి కొంత ఛార్జి దాచిపెట్టేవి. మీటరు సున్నా చూపించాక కూడా మోటారు కాసేపు తిరిగేది. దీనికి గుప్తనిల్వ అని పేరు పెట్టారు. ఇక మనవాళ్ళ సంగతి తెలిసిందేగా! గోడగడియారాన్ని పది నిమిషాలు ముందుకు తిప్పుకుంటాం, ఆ పది నిమిషాలూ ఉన్నాయి కదా అని తీరిగ్గా కాఫీ తాగుతాం. శుభలేఖలో తొమ్మిదింటికి అని వేస్తే తొమ్మిదింటికి స్నానానికి లేస్తాం. గుప్తనిల్వ సంగతి బయటపడగానే సున్నా దాటి ఎగరడం అలవాటైపోయింది. కంపెనీలు ఇంకాస్త దాచాయి, జనం ఇంకాస్త ఎగిరారు. చివరికి ఏ బ్యాటరీ ఎంత దాస్తోందో ఎవరికీ తెలియకుండా పోయింది. ఏటా వానాకాలం వచ్చేసరికి గోదావరి సముద్రంలో కలిసే చోట కొన్ని విమానాలు నీళ్ళలో తేలేవి.

అలా పోయినవాళ్ళలో డాక్టర్ హైమావతి భర్త ఒకడు. ఆ కసితోనే ఆమె పదకొండేళ్ళు కూర్చుని నిజకోశం అనే బ్యాటరీ తయారుచేసింది. ఇందులో ప్రతి సెల్ లోపలా వెంట్రుక కన్నా సన్నని వినికిడి తీగ ఒకటి ఉంటుంది. అయాన్లు కదిలేటప్పుడు పుట్టే చప్పుడు మన చెవికి అందదు, ఈ తీగకి అందుతుంది. సెల్ వయసు, వేడి, ఎదురుగాలి, విమానంలో ఉన్న బరువు అన్నీ లెక్కగట్టి, మిగిలినదాన్ని శాతాల్లో కాకుండా నిమిషాల్లో పైకే చెబుతుంది. అది పది నిమిషాలంటే పది నిమిషాలే. సున్నా అంటే మోటారు ఆగిపోతుంది. దాపరికం అన్నమాటే లేదు.

హైమావతి తమ్ముడు శ్రీపతి సొంతంగా విమానం కట్టుకుని, బ్యాటరీ ఎంచుకోవడానికి అక్క వర్క్‌షాపుకి వచ్చాడు. కంపెనీ బ్యాటరీ ఒకటి, నిజకోశం ఒకటి బల్ల మీద పక్కపక్కనే పెట్టుకుని పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా చాలాసేపు చూశాడు.

"సున్నా అంటే నిజంగా సున్నాయేనా అక్కా? అడుగూ బొడుగూ ఏం ఉండదా?"

"ఉండదురా."

"అబ్బే, కొంచెమైనా ఉంటుందిలే. చిన్నప్పుడు జంతికలు అయిపోయాయనే దానివి. అటకమీద ఇంకో డబ్బా ఉండేది."

"ఇవి జంతికలు కాదు, ప్రాణాలు. నీమీద ఒట్టు, ఒక్క నిమిషం కూడా దాచలేదు. నమ్మితే పట్టుకెళ్ళు, లేకపోతే ఆ కంపెనీది పట్టుకెళ్ళు."

శ్రీపతి నవ్వి నిజకోశం మీద చెయ్యి వేశాడు. "నీదే ఇవ్వు. మువ్వని కూర్చోబెట్టుకుని తిరిగే బండి ఇది."

మువ్వ అతని కూతురు. ఏడేళ్ళది. పిల్లల్లేని హైమావతికి ఆ పిల్లంటే పంచప్రాణాలు.

తమ్ముడు వెళ్ళిపోయాక ఆమె అతనికి పంపాల్సిన ఆ బ్యాటరీకి సీలు వెయ్యబోయింది. చెయ్యి ఆడలేదు. వందలమందికి బ్యాటరీలు ఇచ్చింది, ఎప్పుడూ ఇలా కాలేదు. నీళ్ళ మీద సున్నా పడితే? పక్కన మువ్వ ఉంటే? ఆమె పరీక్షాయంత్రం ముందు కూర్చుని, సున్నాని ఆరు నిమిషాలు ముందుకు జరపమంది.

"అలా చేస్తే ఈ బ్యాటరీ అబద్ధం చెబుతుంది," అంది యంత్రం. "జరపమంటారా?"

"జరుపు."

"వాడేవారికి తెలియజేయాలా?"

"వద్దు. తెలిస్తే వాడేస్తాడు."

"కారణం నమోదు చెయ్యాలి."

"తమ్ముడు," అంది హైమావతి.

తరవాతి ఏడాది వానాకాలంలో తుఫాను పట్టింది. మూడు రోజులు సూర్యుడు కనిపించలేదు, సౌరఫలకాలు పనిచెయ్యలేదు, లంకలో ఎవరి బ్యాటరీలోనూ నిండా ఛార్జి లేదు. నాలుగోనాటి మధ్యాహ్నం నీళ్ళతోపాటు కొట్టుకొచ్చిన కట్లపాము మువ్వని కరిచింది. మందు కాకినాడ ఆసుపత్రిలో ఉంది. పిల్ల తల్లి కూడా ఉద్యోగం మీద అక్కడే ఉండిపోయింది, ఆసుపత్రి గుమ్మంలో నిలబడి ఆకాశంకేసి చూస్తోంది. శ్రీపతి ఆమెకి తప్ప ఎవరికీ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. పిల్లని పక్క సీట్లో కట్టేసి ఎగిరిపోయాడు.

వర్క్‌షాపులో రేడియో గరగరలాడేదాకా హైమావతికి ఈ సంగతే తెలియదు. శ్రీపతి సంగతంతా రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె మైకు అందుకుంది.

"ఎక్కడున్నావురా?"

"సముద్రం మీద. ఇసుకతిప్ప ముందు కనిపిస్తోంది. ఎదురుగాలి చంపేస్తోందక్కా."

ఇసుకతిప్ప మీద దిగడానికి చోటుంది, ఒక కాపలా పడవ ఉంది. అది దాటితే కాకినాడ దాకా అంతా నీళ్ళే.

"మీటరు ఎంత చెబుతోంది?"

అతను చెప్పక్కర్లేకపోయింది. "మిగిలింది సున్నా," అని నిజకోశం గొంతు రేడియోలోంచే వినబడింది.

"అక్కా, తిప్ప నుంచి ఆసుపత్రికి ఈ గాలిలో అయిదు నిమిషాలైనా పడుతుంది. నిజం చెప్పు. లోపల ఏమైనా ఉంచావా?"

హైమావతి మనసులో లెక్కేసుకుంది. తిప్ప దాకా ఒకటి, అక్కణ్ణించి అయిదు. ఆమె దాచింది ఆరు. గాలి ఒక్క పిసరు పెరిగినా తండ్రీ కూతుళ్ళిద్దరూ నీళ్ళలోనే. తిప్ప మీద దిగితే పడవలో గంట. పిల్ల గంట ఆగుతుందా? ఏమో. కనీసం ఆశ ఉంది.

"ఏం లేదు," అంది. "తిప్ప మీద దిగిపో. పడవవాళ్ళకి నేను చెబుతాను."

"మువ్వ కళ్ళు వాలిపోతున్నాయక్కా. తెరవమంటే తెరవలేకపోతోంది. గంట ఆగదిది."

"దిగరా. నా మాట విను."

"మాట్లాడమ్మా మువ్వా, అత్తతో మాట్లాడు," అంటున్నాడు శ్రీపతి. రేడియోలో గాలి హోరు తప్ప ఏమీ వినపడలేదు. తరవాత చాలా సన్నగా, నాలిక తిరగని గొంతుతో, "అత్తా" అని ఒక్క మాట వచ్చింది.

హైమావతి ఇన్నాళ్ళూ పట్టుకున్నదంతా ఆ పిలుపుతో వదిలేసింది.

"శ్రీపతీ, విను. ఆరు నిమిషాలున్నాయి. నీ బ్యాటరీలో ఒక్కదాన్లోనే పెట్టాను. తిన్నగా పో. కొంచెం కూడా అటూ ఇటూ తిప్పకు. వెళ్ళిపో నాన్నా, వెళ్ళిపో."

వినపడలేదేమోనని ఆమె మళ్ళీ చెప్పింది.

"వినపడిందక్కా," అన్నాడు శ్రీపతి నెమ్మదిగా. "ఆ ఆరూ నాకు తెలుసు. కొన్నప్పుడే విమానాన్ని తాళ్ళతో కట్టేసి, మోటారు ఆగిపోయేదాకా తిప్పి చూసుకున్నాను. ఇవాళ బయల్దేరేటప్పుడే ఛార్జి తక్కువ చూపించింది. అక్క పెట్టిన ఆరూ ఉన్నాయిలే అనుకునే ఎగిరాను. సున్నా పడి అయిదు నిమిషాలైంది."

హైమావతి చూపు గోడగడియారం మీదికి పోయింది.

"నేను అడుగుతున్నది దాని తరవాతది. ఇంకెంత ఉంచావు?"

"ఇంకేం లేదురా!" ఆమె కేకకి బల్ల మీద సామాను కదిలింది. "అంతే! ఒక్క నిమిషమే ఉంది నీ దగ్గర. తిప్ప కిందే ఉందిగా, దిగు! ఇప్పుడే దిగు!"

"కొన్న రోజునా లేదనే అన్నావు. నామీద ఒట్టు కూడా పెట్టావు. ఉంది. ఇందాకా లేదనే అన్నావు. ఉంది."

"అవి అబద్ధాలు. ఇది నిజం. మువ్వ మీద ఒట్టు."

"నువ్వు అలాగే అంటావులే అక్కా." అతని గొంతులో కోపం లేదు. భయం కూడా పోయింది. చిన్నప్పుడు అటక కింద స్టూలు వేసుకునేటప్పుడు ఉండే ధీమా వచ్చేసింది. "నేను సున్నా దాటి తిప్పి చూసుకుంటానని నీకు తెలియదా ఏంటి? నా సంగతి ఎరిగినదానివి, నేను కనిపెట్టలేని చోట ఇంకాస్త పెట్టకుండా ఉంటావా?"

"పెట్టలేదురా. నాకు అంత ఆలోచన రాలేదురా."

"తిప్ప దాటేశాం. కాకినాడ దీపాలు కనపడుతున్నాయి."

"వెనక్కి తిప్పు శ్రీపతీ, నీ కాళ్ళు పట్టుకుంటాను, వెనక్కి తిప్పు. లేదురా. నిజంగా లేదురా." ఆమె మైకుని రెండు చేతులతో పట్టుకుని అదే మాట అంటూనే ఉంది. విమానంలో ఆమె చేసిన బ్యాటరీ కూడా అతని వెనకనుంచి సున్నా, సున్నా అని చెబుతూనే ఉంది. శ్రీపతి ఇద్దరి మాటా చెవిన వేసుకోవడం లేదు. కూతురితో మాట్లాడుతున్నాడు.

"నిద్రపోకమ్మా, వచ్చేశాం. ఏం పర్లేదు. అత్త ఎప్పుడూ కొంచెం దాచే ఉంచుతుంది."